స్టార్ ట్రెక్ మళ్లీ చూద్దామనుకుంటే: ఏ ప్రతి, ఏ వరుస, ఎన్ని ఎపిసోడ్లు

స్టార్ ట్రెక్‌లో ఎర్ర చొక్కా వేసుకున్నవాడు చస్తాడన్న జోకు నాకు అర్థం కావడానికి పాతికేళ్లు పట్టింది. 1980ల మధ్యలో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున ఆ సీరియల్ వచ్చేది, ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడలో గ్రహాలు తిరిగే సిబ్బంది కథ. హైదరాబాద్ నల్లకుంటలో మా పక్కింటివాళ్ల టీవీకి చెక్క షట్టర్ ఉండేది. అది పక్కకు జరిపితే కనిపించేదంతా నలుపూ తెలుపే. కెప్టెన్ కిర్క్ చొక్కా, మొనదేలిన చెవుల గ్రహాంతరవాసి స్పాక్ చొక్కా, గ్రహం మీద దిగీ దిగగానే పడిపోయే సెక్యూరిటీ కుర్రాడి ఎర్ర చొక్కా, అన్నీ దాదాపు ఒకే బూడిద రంగు. ఎవడు పోతాడో ముందే పసిగట్టే వీలు మాకు లేదు. ఇంగ్లిష్ డైలాగులు సగం తలకెక్కేవి కావు. స్పాక్ కనుబొమ్మ లేచిందంటే ఏదో పెద్ద విషయమే అయి ఉంటుందని ఊరుకునేవాళ్లం.

రెండేళ్ల కిందట దాన్ని మళ్లీ మొదటినుంచీ చూద్దామని కూర్చున్నాను. నాలుగు రాత్రులకే మానేశాను. తప్పు సీరియల్‌ది కాదు, నేను చూసిన పద్ధతిది. దొరికిన ప్రతి పెట్టేశాను, జాబితాలో ఉన్న వరుసలోనే వెళ్లాను, రాత్రికి మూడేసి ఎపిసోడ్లు లాగించాను. ఆర్నెల్ల తర్వాత ఆ మూడూ మార్చి మళ్లీ మొదలుపెడితే ఈసారి ఆగలేదు. మీరూ పాత ఇష్టం కొద్దీ మళ్లీ చూడాలనుకుంటుంటే, మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు ఇవీ.

నేను చెప్పేది 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో ఎన్‌బీసీ చానల్‌లో మొదలై 1969 జూన్ 3న ముగిసిన అసలు సీరియల్ గురించి. మూడు సీజన్లు, 29, 26, 24 చొప్పున మొత్తం 79 ఎపిసోడ్లు. ఒక్కోటి యాభై నిమిషాలకు అటూ ఇటూ. అంటే అరవై అయిదు గంటల పైమాటే.

పాత బొమ్మా, కొత్త గ్రాఫిక్సా

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఎక్కువ మందికి ఇందులో ఎంచుకోవడానికి ఏదో ఉందని కూడా తెలియదు.

2006లో, సీరియల్‌కు నలభై ఏళ్లు నిండిన సందర్భంగా, అసలు 35 ఎంఎం ఫిల్మ్‌ను మళ్లీ స్కాన్ చేసి శుభ్రం చేశారు. అక్కడితో ఆగి ఉంటే గొడవే లేదు. ఓడ అంతరిక్షంలో ఎగిరే దృశ్యాలు, గ్రహాలు, పేలుళ్లు కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో కొత్తగా చేశారు. టైటిల్ సంగీతం కూడా మళ్లీ రికార్డు చేశారు. స్ట్రీమింగ్‌లో సాధారణంగా కనిపించేది ఈ ప్రతే. 2009 నుంచి వచ్చిన బ్లూ-రే సెట్లలో మాత్రం రెండూ ఉన్నాయి. ఏది కావాలో మీరే ఎంచుకోవచ్చు, రెండు రకాలకూ శుభ్రం చేసిన ఫిల్మే ఆధారం.

మన దగ్గర ఇలాంటిదే 'మాయాబజార్' విషయంలో జరిగింది. 1957 నాటి నలుపు తెలుపు సినిమా 2010లో రంగుల్లో వచ్చినప్పుడు మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. రంగుల్లో చూసి మురిసిపోయినవాళ్లు ఒకవైపు, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపోవడం ఆ నలుపు తెలుపుల్లోనే బాగుందన్నవాళ్లు ఇంకోవైపు. స్టార్ ట్రెక్ అభిమానుల తగువూ అంతే. ఎవరి పార్టీ వాళ్లకు ఎక్కువ.

నా ఓటు పాత బొమ్మకే. దానికి కారణం ఓడే. ఎంటర్‌ప్రైజ్ పెద్ద నమూనా దాదాపు మూడున్నర మీటర్ల పొడవు, ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ఉంది. లోపలి లైట్లకు కరెంటు వైర్లు ఎడమ పక్క నుంచి వెళ్లేవి కాబట్టి దాన్ని దాదాపు ఎప్పుడూ కుడిపక్క నుంచే తీసేవారు. ఒక్కసారి ఇది తెలిశాక చూడండి. ఓడ మళ్లీ మళ్లీ అదే పక్క చూపిస్తూ, అదే దిక్కుకు, అదే వంపుతో వెళుతుంటుంది. ఖర్చు మిగిలించడానికి అవే ముక్కలు మళ్లీ మళ్లీ వాడుకున్నారు. అయినా అది నిజంగా చేతికి తగిలే వస్తువు. దాని మీద పడ్డ వెలుతురు నిజమైన వెలుతురు. కొత్త గ్రాఫిక్స్‌లో ఓడ ఎటుపడితే అటు తిరుగుతుంది, కింద గ్రహం మీద మేఘాలు చక్కగా ఉంటాయి. కానీ కట్ చేసి లోపలికి రాగానే ప్లైవుడ్ గోడలు, మిణుకు మిణుకుమనే బల్బులు. బయట ఒక కాలం, లోపల ఇంకో కాలం. సురభి నాటకానికి వెళ్లి రంగుల తెర వెనక ఎల్ఈడీ స్క్రీన్ చూసినట్టు ఉంటుంది నాకు.

అయితే ఒక ఎపిసోడ్ విషయంలో మాట మార్చుకుంటాను. 'ద డూమ్స్‌డే మెషీన్'. గ్రహాలను నమిలి మింగే ఒక రాక్షస యంత్రం, దాని చేతిలో తన సిబ్బంది మొత్తాన్ని పోగొట్టుకుని మతి చలించిన కమాండర్. అందులో ధ్వంసమైన కాన్‌స్టలేషన్ అనే ఓడ పిల్లలు అతికించుకునే ప్లాస్టిక్ కిట్‌తో చేసింది, దాన్ని కాల్చి, వంచి వాడారు. పాత ప్రతిలో అది బొమ్మేనని పోల్చుకోవచ్చు. ఈ కథలో బయటి యుద్ధం ఎక్కువ కాబట్టి కొత్త గ్రాఫిక్స్ నిజంగా పనికొచ్చాయి. దీన్ని మాత్రం కొత్త ప్రతిలో చూడండి. 'అరీనా'లో బల్లి మనిషి గోర్న్ కళ్లకు రెప్పలు ఆడేలా చేశారు, అది మాత్రం అనవసరం. రబ్బరు సూటు రబ్బరు సూటే, రెప్పలార్పినంత మాత్రాన బల్లి అయిపోదు.

శుభ్రం చేసిన ఫిల్మ్‌తో ఇంకో ఇబ్బంది ఉంది, అది రెండు ప్రతుల్లోనూ తప్పదు. 'స్పేస్ సీడ్'లో కిర్క్, విలన్ ఖాన్ కొట్టుకునే సీన్‌లో డూపుల మొహాలు స్పష్టంగా కనిపించేస్తాయి. చిన్న టీవీలో ఆ గీతల మధ్య, గాలికి యాంటెన్నా తిరిగిపోతుంటే, ఎవరికి తెలిసేది? ఇప్పుడు 55 అంగుళాల తెర మీద దాచడం ఎవరి తరమూ కాదు. మా అమ్మాయి అక్కడ ఆపి "నాన్నా, ఈయనెవరు కొత్తాయన?" అంది.

రంగులు మాత్రం ఎంత చూసినా తనివి తీరదు. ఎన్‌బీసీ మాతృసంస్థ ఆర్‌సీఏ కలర్ టీవీలు అమ్ముకునే కంపెనీ. ఊదా గోడలు, ఎరుపు తలుపులు, నారింజ ఆకాశాలు ఉత్తినే రాలేదు. కిర్క్ చొక్కా అసలు రంగు పచ్చ అట, లైట్ల కింద ఫిల్మ్ మీదికి వచ్చేసరికి బంగారు పసుపైంది. నేను చిన్నప్పుడు చూసిన బూడిద రంగుకు ఇన్ని మెలికలున్నాయన్నమాట.

ఏ వరుసలో చూడాలి

ఇక్కడ రెండు వరుసలున్నాయి. టీవీలో ప్రసారమైన వరుస ఒకటి, షూటింగ్ జరిగిన వరుస ఒకటి. స్ట్రీమింగ్‌లో సాధారణంగా మొదటిదే ఉంటుంది.

ప్రసార వరుసలో చిక్కేమిటంటే, మొదట వచ్చిన 'ద మ్యాన్ ట్రాప్' ఉప్పు తినే రాక్షసి కథ. చెడ్డది కాదు, కానీ ఈ మనుషులెవరో పరిచయం కాకుండానే కథలో పడేస్తుంది. పోనీ అనుకుంటే మూడో వారం వచ్చిన 'వేర్ నో మ్యాన్ హ్యాజ్ గాన్ బిఫోర్'లో చొక్కాలు వేరు, డాక్టర్ వేరు, ఓడలో సందేశాలు చూసుకునే ఉహురా లేనే లేదు, స్పాక్ అరుస్తూ మాట్లాడతాడు. ఏమైంది వీళ్లకు అనిపిస్తుంది. ఏమీ కాలేదు. అది రెండో పైలట్ (సీరియల్ ఒప్పుకునే ముందు చానల్‌కు చూపించే నమూనా ఎపిసోడ్), మిగతావాటికన్నా చాలా ముందు తీసింది. మొదటి పైలట్ 'ద కేజ్' ఎన్‌బీసీకి నచ్చలేదు. ప్రేక్షకుడి బుర్రకు మరీ ఎక్కువ పని పెడుతోందని తిప్పి పంపింది. కానీ ఇంకో పైలట్ తీయమని డబ్బిచ్చింది. రెండోసారి అడగడం ఆ రోజుల్లో అరుదు.

షూటింగ్ వరుసలో అయితే ఈ పైలట్ తర్వాత 'ద కార్బొమైట్ మనూవర్' వస్తుంది. స్పెషల్ ఎఫెక్ట్స్ పని ఆలస్యమై అది ప్రసారంలో పదో స్థానానికి జరిగింది. నిజానికి సీరియల్‌కు సరైన గృహప్రవేశం అదే. తెలియని ఓడ ఎదురొస్తుంది, కాల్చాలా మాట్లాడాలా అని ఓడ నడిపే గది బ్రిడ్జ్ మీద అందరూ తలో మాట అంటారు, కిర్క్ పేకాటలో బ్లఫ్ చేసినట్టు ఒక అబద్ధం ఆడతాడు. చివర్లో తెలిసే సంగతి చెప్పను, చిన్నపిల్లలు పక్కనుంటే వాళ్ల మొహం చూడండి.

షూటింగ్ వరుసతో ఇంకో లాభం, స్పాక్ ఎలా తయారయ్యాడో కళ్లముందే కనిపిస్తుంది. లియొనార్డ్ నిమోయ్ మొదట్లో గొంతు పెంచి మాట్లాడతాడు, నవ్వుతాడు కూడా. ఎపిసోడ్ మీద ఎపిసోడ్ గడిచేకొద్దీ ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ వచ్చి ఆ కనుబొమ్మ దగ్గర ఆగుతాడు. కథలో స్పాక్ ఎదిగాడని కాదు, నటుడికి పాత్ర పట్టుబడింది.

నా సలహా: మొదటి పదిహేను ఎపిసోడ్లు షూటింగ్ వరుసలో చూడండి. ఆ తర్వాత ఏ వరుసైనా పెద్ద తేడా రాదు. 'ద కేజ్' మాత్రం మొదట పెట్టుకోవద్దు. అందులో కిర్క్ లేడు, వేరే కెప్టెన్ ఉంటాడు. దాని దృశ్యాలను సీరియల్‌లోనే 'ద మెనాజరీ' అన్న రెండు భాగాల కథలో పొదిగారు. అక్కడ చూస్తేనే రుచి.

రోజుకు ఎన్ని

ఒకటి. వీలైతే వారానికి ఒకటి.

ఇది చాదస్తం కాదు. మొదటి సీజన్ చివర 'ద సిటీ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్' ఉంది, 1967 ఏప్రిల్ 6న వచ్చింది. కిర్క్ 1930ల న్యూయార్క్‌కు వెళ్లి, అక్కడ పేదలకు అన్నం పెట్టే ఈడిత్ కీలర్‌ను ప్రేమిస్తాడు. చరిత్ర నిలబడాలంటే ఆమె చనిపోవాలి. కాపాడబోయిన డాక్టర్ మెకాయ్‌ని కిర్క్ తన చేతులతో పట్టి ఆపేస్తాడు. తిరిగొచ్చాక అతను ఒక్క ముక్కే అంటాడు, ఇక్కడినుంచి వెళ్లిపోదాం పదండని, అదీ విసురుగా. సరిగ్గా వారానికి తర్వాతి ఎపిసోడ్. అందులో కిర్క్ సొంత అన్న చనిపోయి పడి ఉంటాడు. ఈడిత్ పేరు ఎవరూ ఎత్తరు. ఎపిసోడ్ చివర యథాప్రకారం బ్రిడ్జ్ మీద స్పాక్ చెవుల గురించి జోకులు.

నేను మొదటిసారి చూసినట్టు ఒకదాని వెనక ఒకటి వరుసగా పెడితే కిర్క్ రాతి గుండెవాడనిపిస్తాడు. ఆ రోజుల్లో ఏ ఎపిసోడ్ ఎప్పుడు వేసినా అర్థం కావాలి, కాబట్టి ప్రతి కథా మొదలైన చోటికే తిరిగి రావాల్సిందే. మధ్యలో ఉన్న ఏడు రోజుల్లో ఆ దుఃఖం ఏమైందో ప్రేక్షకుడు తనే ఊహించుకునేవాడు. ఆ ఏడు రోజులూ తీసేస్తే సీరియల్‌లో ఒక భాగం కత్తిరించినట్టే. వారానికొకటి చొప్పున మొత్తం చూడాలంటే ఏడాదిన్నర పడుతుంది, నిజమే. ఏం తొందర?

మొత్తమా, ఏరుకున్నవా

మొదటి రెండు సీజన్లు దాదాపు మొత్తం చూడొచ్చు. మూడోది ఏరుకోవాలి. రెండో సీజన్ తర్వాత ఆపేస్తారన్న వార్తతో అభిమానులు ఎన్‌బీసీకి గుట్టలుగుట్టలుగా ఉత్తరాలు రాశారు. సీరియల్ బతికింది, కానీ శుక్రవారం రాత్రి పదింటికి నెట్టేశారు. చూసే కుర్రకారు ఆ టైమ్‌లో ఇంట్లో ఉంటే కదా! బడ్జెట్ కోశారు. నిర్మాత మారాడు. ఆ సీజన్ మొదలైందే 'స్పాక్స్ బ్రెయిన్'తో. స్పాక్ మెదడును ఎవరో ఎత్తుకుపోతే, మిగిలిన మనిషిని రిమోట్‌తో నడిపిస్తూ వెతుక్కుంటూ వెళతారు. నవ్వుకోవడానికైతే తప్పకుండా చూడండి, స్నేహితులతో కలిసి.

అదే డబ్బు కొరత ఒకచోట అందంగా కుదిరింది. 'స్పెక్టర్ ఆఫ్ ద గన్'లో కౌబాయ్‌ల ఊరు మొత్తం కట్టే స్తోమత లేదు. ముందు గోడలు మాత్రమే నిలబెట్టి వెనకంతా ఎర్రటి ఆకాశం వదిలేశారు. కిటికీ ఉంటుంది, ఇల్లుండదు. కలలో ఊళ్లు ఇలాగే ఉంటాయి కదా అనిపిస్తుంది. మూడో సీజన్‌లో ఇది, 'ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్', 'ద థోలియన్ వెబ్', 'ఆల్ అవర్ యెస్టర్‌డేస్', 'డే ఆఫ్ ద డవ్' చాలు. చిట్టచివరిది 'టర్నబౌట్ ఇంట్రూడర్' వదిలేయండి. ఆడవాళ్లు కెప్టెన్ కాలేరన్న మాట మీద కథంతా నడిపి సీరియల్‌ను ముగించడం ఇప్పుడు చూస్తే ఒళ్లు మండుతుంది.

పూర్తిగా ఖాళీ లేనివాళ్లకు, నాలుగైదు ఆదివారాలే ఉన్నాయంటే, ఇవి: 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్', 'ద డెవిల్ ఇన్ ద డార్క్', 'ద సిటీ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్', 'అమోక్ టైమ్', 'ద ట్రబుల్ విత్ ట్రిబుల్స్'. మొదటిది రెండు ఓడల మధ్య జలాంతర్గామి యుద్ధంలా సాగుతుంది. ఎదుటి ఓడ కమాండర్ కూడా మంచివాడే కావడంతో ఎవరు గెలవాలని కోరుకోవాలో తెలియదు. ట్రిబుల్స్ కథ అంతా నవ్వులే, తినడం, పిల్లల్ని పెట్టడం తప్ప ఇంకేమీ తెలియని బొచ్చు ముద్దలు ధాన్యం గిడ్డంగి నిండా దొర్లుతాయి.

ఎవరితో చూస్తారన్నది ముఖ్యం

పాత స్నేహితుడితో అయితే ఏది పెట్టినా ఫరవాలేదు, మాటల్లో సగం వినబడదు.

పిల్లలతో అయితే కొన్ని పక్కన పెట్టాలి. 'మడ్స్ విమెన్'లో ఆడవాళ్లను పెళ్లి సరుకులా చూపిస్తారు. 'ది ఎనిమీ వితిన్'లో కిర్క్ దుష్ట రూపం ఒక ఉద్యోగినిపై దాడి చేస్తుంది. చివర్లో ఆమెతో స్పాక్ అనే మాట ఇప్పుడు వినలేం. 'స్పేస్ సీడ్'లో ఖాన్ నూనియెన్ సింగ్ ఉత్తర భారతం నుంచి వచ్చిన సిక్కు అయి ఉండొచ్చని ఓడలోని చరిత్రకారిణి అంటుంది. తలపాగా లేదు, గడ్డం లేదు, వేసింది మెక్సికోలో పుట్టిన రికార్డో మోంటల్‌బాన్. దూరదర్శన్ రోజుల్లో మనవాడే అని సంబరపడ్డాం, విలన్ అయితేనేం! ఇప్పుడు పిల్లలు వేసే ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోండి. మోంటల్‌బాన్ నటనకు మాత్రం వంక పెట్టలేం. ఆ ఎపిసోడ్ చూసిన మర్నాడే 1982 నాటి 'ద వ్రాత్ ఆఫ్ ఖాన్' సినిమా చూస్తే మంచి జత. అందులో ఖాన్, కిర్క్ పాత సిబ్బందిలోని చెకోవ్‌ను చూసి గుర్తుపడతాడు. చెకోవ్ సీరియల్‌లోకి వచ్చిందే రెండో సీజన్‌లో, ఖాన్ వచ్చింది మొదటిదాంట్లో. పిల్లలకు ఇలాంటివి దొరికితే పండగే.

అసలు స్టార్ ట్రెక్ ఎన్నడూ చూడని పాతికేళ్లవాళ్లకు, మీ మీది గౌరవంతో పక్కన కూర్చున్నవాళ్లకు, ఇది కాకుండా 1987లో మొదలైన తర్వాతి స్టార్ ట్రెక్ సీరియల్ 'ద నెక్స్ట్ జనరేషన్' పెట్టడం మేలేమో అని చాలామంది అంటారు. నాకు పూర్తిగా ఒప్పుదల లేదు. అందులో 178 ఎపిసోడ్లు, మొదటి సీజన్ చాలా తడబడుతుంది, సగం దూరం ఓపిక పడితేగానీ ఊపందుకోదు. పాతదైతే మొదటి వారంలోనే పనిచేస్తుంది లేదా చేయదు, సంగతి తేలిపోతుంది. కానీ నటన మరీ నాటకీయంగా ఉంటే తట్టుకోలేనివాళ్లైతే రెండోదే నయం. కిర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ మాట మధ్యలో ఆగి ఆగి పలికే తీరు నచ్చనివాళ్లను ఒప్పించడం కష్టం.

కొనేముందు

డిస్కులు కొంటుంటే పెట్టె మీద పాత, కొత్త రెండు ప్రతులూ ఉన్నాయని రాసి ఉందో లేదో చూసుకోండి. అమెరికా నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేస్‌లో తెప్పించుకునే ఆలోచన ఉంటే బ్లూ-రే రీజియన్ కోడ్ గుర్తుంచుకోండి. అమెరికాది ఎ, మనది సి. రీజియన్ తాళం ఉన్న డిస్కయితే ఇక్కడి ప్లేయర్‌లో ఆడదు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, సిగ్గుపడక్కర్లేదు. ఓడ ఇంజనీర్ స్కాటీ యాస నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. టీవీలో బొమ్మను పక్కలకు సాగదీసే సెట్టింగ్ ఉంటే తీసేయండి. ఇది దాదాపు చదరం లాంటి తెర కోసం తీసింది, అటూ ఇటూ నల్ల పట్టీలు ఉండాల్సిందే. లేకపోతే ఓడ నలిగిన అప్పచ్చిలా ఉంటుంది, మెకాయ్‌కి బుగ్గలొస్తాయి.

మేమిప్పుడు మొదటి సీజన్ చివరికొచ్చాం, ఆదివారానికి ఒకటి, టిఫిన్ అయ్యాక. పోయిన వారం 'ద డెవిల్ ఇన్ ద డార్క్'. గనిలో కార్మికులను చంపుతున్న రాతి జంతువు నిజానికి తన గుడ్లు కాపాడుకుంటున్న తల్లి అని తేలే కథ. నల్లకుంటలో దాన్ని చూసినప్పుడు ఆ జంతువు, హోర్టా, నాకొక నల్లటి ముద్దలా మాత్రమే కనిపించింది, మాటలు తెలియక అది చెడ్డదనే అనుకున్నాను, చివర్లో దాన్ని ఎందుకు వదిలేశారో అర్థం కాలేదు. ఈసారి స్పాక్ ఆ రాతి మీద చేతులు ఆనించి దాని మనసు చదువుతూ నొప్పి, నొప్పి అని అరుస్తుంటే మా అమ్మాయి ప్లేట్ పక్కన పెట్టేసింది. ఇడ్లీ చల్లారిపోయింది. మళ్లీ వేడి చేసి ఇచ్చాను.